వెతకడం వచ్చింది, వెనక్కి చూసుకోవడం రాలేదు

నమస్కారం మేడమ్. మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. గుంటూరులో డిగ్రీ పిల్లలకు పాఠం చెబుతున్నారు. గూగుల్‌లో ఎలా వెతకాలో నేర్పారు, సైటు నమ్మదగినదో కాదో చూసుకోవడానికి పది పాయింట్ల చెక్‌లిస్టు ఇచ్చారు, క్విజ్ పెడితే అందరూ పాసయ్యారు. తీరా ప్రాజెక్టులు చూస్తే మొదట దొరికిన పేజీని దించేశారు. "సమాచార అక్షరాస్యత, అంటే కావలసిన సమాచారాన్ని వెతికి, తూచి, వాడుకోవడం రావాలంటే ప్రతిఫలనాత్మక చింతన ఉండాలని ట్రైనింగులో చెప్పారు. అంటే డైరీ రాయించడమేనా? దానికి మార్కులు వేయాలా?" అని అడిగారు.

నేను విజయవాడలో ఒక కాలేజీ లైబ్రరీలో 27 ఏళ్లు పనిచేశాను. అందులో సగం కాలం మీలాగే చెక్‌లిస్టులు పంచాను. అవి పనికిరావని అనను. కానీ వాటితో పని సగంలోనే ఆగిపోతుంది. ఎక్కడ ఆగిందో నాకు తెలిసేలా చేసింది ఒక విద్యార్థిని రాసిన ఐదు లైన్లు. ముందు ఆ సంగతి చెబుతాను.

ఒక ఏడాది ఫస్టియర్ పిల్లలకు చిన్న పని ఇచ్చాను. "బెజవాడ అనే పేరు ఎలా వచ్చింది? ఒక పేజీ రాయండి." వారం తర్వాత కాగితాలు తీస్తే సగానికి పైగా ఒకటే కథ. ఇక్కడి ఎండలకు తట్టుకోలేక ఇంగ్లీషు దొరలు ఈ ఊరిని "బ్లేజ్‌వాడ" అన్నారట, అదే నోళ్లలో నలిగి బెజవాడ అయిందట. ఇంకొందరు కృష్ణమ్మ వెళ్లడానికి కొండకు బెజ్జం పడింది కాబట్టి బెజ్జంవాడ అన్న కథ రాశారు. అందరూ కింద వెబ్‌సైట్ల పేర్లు రాశారు. చెక్‌లిస్టులో టిక్కులు కూడా పెట్టారు. రాసినవారి పేరు ఉంది, టిక్కు. తేదీ ఉంది, టిక్కు. భాష తప్పుల్లేకుండా ఉంది, టిక్కు.

దొరల కథ తప్పని చెప్పడం నాకు రెండు నిమిషాల పని. చాళుక్య రాజు యుద్ధమల్లుడి బెజవాడ శాసనం ఉంది. నన్నయ కంటే ముందుది, మధ్యాక్కర పద్యాల్లో చెక్కించినది. అందులో బెజవాడ అన్న పేరు అలాగే ఉంది. ఈస్టిండియా కంపెనీ వాళ్లు మచిలీపట్నంలో వ్యాపారం మొదలుపెట్టింది 1611లో. అప్పటికి ఆ రాతి మీద ఆ పేరు పడి ఆరు వందల ఏళ్లు దాటింది. వాళ్లు రాకముందే ఉన్న పేరును వాళ్లు పెట్టడమేమిటి?

ఈ మాట చెప్పేస్తే పిల్లలు నోట్సులో రాసుకుని వెళ్లిపోయేవారు. ఎందుకో ఆ రోజు చెప్పలేదు. కాగితాలు వెనక్కి ఇచ్చి, "ఈ కథ నిజమని మీకు ఎక్కడ అనిపించింది? ఏ మాట దగ్గర నమ్మారు? ఐదు లైన్లు రాయండి" అన్నాను. చాలామంది "వికీలో ఉంది సార్", "రెండు సైట్లలో ఉంది సార్" అని రాశారు. ఒక అమ్మాయి మాత్రం ఇలా రాసింది: "మా ఇల్లు కొండ మీద. రేకుల ఇల్లు. మే నెలలో పగలు లోపల ఉండలేం. బ్లేజ్ అంటే మంట అని చదవగానే నిజమే అనిపించింది. ఇంక వేరే ఏదీ చూడలేదు."

ఆ కాగితం ఇప్పటికీ నా దగ్గర ఉంది. ఆ అమ్మాయి చేత నమ్మించింది వెబ్‌సైటు కాదు, వాళ్ల ఇంటి రేకుల కప్పు. తన ఒంటికి తెలిసిన ఎండ సాక్ష్యం చెప్పేసరికి ఇక వేరే సాక్ష్యం అక్కర్లేదనిపించింది. మన చెక్‌లిస్టులోని పది ప్రశ్నలూ పేజీని అడుగుతాయి. చదివే మనిషిని ఒక్క ప్రశ్నా అడగదు. మీరు చెప్పిన ప్రతిఫలనాత్మక చింతన అనే పెద్ద మాటకు నాకు తెలిసిన అర్థం ఇదే. నమ్మిన తర్వాత ఒకసారి వెనక్కి నడిచి, ఎక్కడ నమ్మేశానో ఆ చోటు వెతికి పట్టుకోవడం. మన ఇళ్లలో దీనికి నెమరు వేసుకోవడం అనే మాట ఉంది. ఆవు గబగబా మేసి వచ్చి, తర్వాత నీడన కూర్చుని తీరిగ్గా నమిలినట్టు.

ఈ ఆలోచన కొత్తదేమీ కాదు. అమెరికాలో జాన్ డ్యూయీ అనే తత్వవేత్త 1910లోనే దీన్ని వివరంగా రాశాడు. ఒక నమ్మకాన్ని, దానికి ఆధారంగా ఉన్న కారణాలను ముందు పెట్టుకుని, పట్టుదలగా, జాగ్రత్తగా పరిశీలించడమే ఆయన దృష్టిలో ఈ తరహా ఆలోచన. అది సందేహంతో మొదలవుతుందన్నాడు. తేల్చుకోకుండా కాసేపు ఆగి ఉండగలగాలి, ఆ ఆగడం కొంచెం బాధగా ఉంటుంది అని కూడా చెప్పాడు. ఆ "బాధ" అన్న మాటను టీచర్లు గట్టిగా పట్టుకోవాలని నా కోరిక. సమాచార అక్షరాస్యత అనే పేరు చాలా తర్వాత వచ్చింది. 1974లో పాల్ జుర్కోవ్‌స్కీ వాడాడు. ఆయన ఉద్యోగాల్లో ఉన్నవాళ్లు సమాచార సాధనాలను ఉపయోగించుకునే నేర్పు గురించి మాట్లాడాడు. మనం చాలాకాలం ఆ నేర్పు దగ్గరే ఉండిపోయాం. ఎక్కడ వెతకాలి, ఏ కీవర్డు కొట్టాలి, రిఫరెన్సు ఎలా రాయాలి.

ఇక్కడ ఒక చిన్న పక్కమాట. 1914లో తొలి ఆంధ్ర గ్రంథాలయ సభ మన బెజవాడలోనే జరిగింది. అయ్యంకి వెంకట రమణయ్య గారి తరం పుస్తకం దొరకని మనిషికి పుస్తకం చేర్చాలని ఊరూరా తిరిగింది. కాలువల మీద పడవల్లో కూడా పుస్తకాలు తిప్పిన ప్రాంతం ఇది. ఆ తరం ముందున్న కష్టం కొరత. మీ క్లాసులో ప్రతి పిల్లవాడి జేబులోనూ ఆ పడవ మోసిన పుస్తకాలన్నిటి కంటే ఎక్కువే ఉంది. అందుకే చేర్చడం నేర్పితే చాలదు.

చెక్‌లిస్టు ఎందుకు మోసపోతుందో చూపించిన ఒక పరిశోధన మీకు పనికొస్తుంది. అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీలో శామ్ వైన్‌బర్గ్, సారా మెక్‌గ్రూ కలిసి 10 మంది చరిత్ర ఆచార్యులను, వార్తల్లో నిజానిజాలు తేల్చే 10 మంది ఫ్యాక్ట్ చెకర్లను, 25 మంది స్టాన్‌ఫర్డ్ విద్యార్థులను కూర్చోబెట్టి కొన్ని వెబ్‌సైట్లు చూపించారు. ఆచార్యులు, విద్యార్థులు చాలామంది ఆ పేజీ మీదే ఉండి పైనుంచి కిందకి శ్రద్ధగా చదివారు. లోగో, డొమైన్ పేరు చూసి మోసపోయారు. ఫ్యాక్ట్ చెకర్లు కాసేపట్లోనే ఆ పేజీ వదిలి, పక్కన కొత్త ట్యాబులు తెరిచి, ఈ సంస్థ గురించి మిగతావాళ్లు ఏమంటున్నారో చూశారు. చదువు తక్కువై మోసపోలేదు. "నాకు చదవడం వచ్చు, పేజీ చూస్తే నాకు తెలిసిపోతుంది" అన్న ధీమా ఉన్నవాళ్లు పేజీ వదల్లేకపోయారు అని నేను అర్థం చేసుకున్నాను. తన చూపు మీద తనకే కాస్త అనుమానం ఉన్న మనిషి పక్క ట్యాబు తెరుస్తాడు. ఆ అనుమానం టిక్కులతో రాదు. తను ఇంతకుముందు ఎక్కడ మోసపోయాడో గుర్తుంటే వస్తుంది.

అలా గుర్తున్న సంగతి నాకూ ఒకటుంది. చెప్పడానికి కష్టమే, అయినా చెబుతాను.

2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగి విజయవాడలోని సింగ్ నగర్ మునిగింది. మా చెల్లెలు వాళ్లు మూడు రోజులు మేడ మీద ఉన్నారు. నీళ్లు తగ్గాక కిందకి దిగి బురద కడుక్కుంటున్న రోజుల్లో, ఒక రాత్రి వాళ్లబ్బాయి నుంచి వాట్సాప్‌లో మెసేజ్ వచ్చింది. "బుడమేరు కట్ట మళ్లీ తెగింది, వెంటనే ఇళ్లు ఖాళీ చేయండి." నేను మరో నిమిషం ఆలోచించకుండా మూడు గ్రూపుల్లో పెట్టాను. అది చూసి తెలిసినవాళ్ల ఇంట్లో, మోకాళ్లు వంగని ఒక పెద్దావిడను కుర్చీలో కూర్చోబెట్టి రెండు అంతస్తులు మోశారు. ఆవిడ భయంతో తెల్లవార్లూ ఏడ్చిందని మర్నాడు తెలిసింది. కట్ట తెగలేదు.

పిల్లలకు పాఠాలు చెప్పే నేను ఆ పని ఎలా చేశాను? వారం రోజులు మనసులో అదే తిరిగింది. కాగితం తీసి పిల్లల్ని అడిగిన ప్రశ్నే నన్ను నేను అడుక్కున్నాను. ఏ మాట దగ్గర నమ్మాను? "మళ్లీ తెగింది" దగ్గర కాదు. పంపినవాడి పేరు దగ్గర. మా మేనల్లుడు అక్కడే ఉంటాడు, వాడికి తెలియకుండా ఎలా ఉంటుంది అనుకున్నాను. వాడు కళ్లతో చూడలేదు. వాడికీ ఎవరో పంపారు. దగ్గరివాడు కావడం వేరు, దగ్గరుండి చూడటం వేరు. ఈ రెండిటినీ నేను కలిపేశాను.

ఇంకొకటి కూడా బయటపడింది. సింగ్ నగర్ నీళ్లు ప్రకాశం బ్యారేజీ నుంచి వచ్చాయని ఆ రోజుల్లో నేనూ నలుగురితో అన్నాను. అనుకోవడం సహజం. బ్యారేజీ దగ్గర కృష్ణలో 11.43 లక్షల క్యూసెక్కులు పోతుంటే, ఆ హోరు టీవీలో చూస్తుంటే, ఊళ్లో నీళ్లన్నీ అవే అనిపిస్తుంది. కానీ బుడమేరు వేరే ఏరు, కొల్లేటికి పోయేది. వెలగలేరు దగ్గర రెగ్యులేటరు కట్టి, ఆ వరదను ఒక మళ్లింపు కాలువ ద్వారా కృష్ణలోకి పంపుతారు. కృష్ణే నిండుగా ఉంటే ఆ కాలువ నీళ్లు సరిగా దిగవు. ఆ కాలువ కట్టకు గండ్లు పడ్డాయి. ఈ సంగతి నాకు ముందే తెలిసి ఉంటే ఆ రాత్రి మెసేజ్ చదివినప్పుడు "ఏ కట్ట? ఏ ఊరి దగ్గర? ఎప్పుడు?" అన్న ప్రశ్న నా నోటికి వచ్చేది. ఆ మెసేజ్‌లో ఊరి పేరు లేదు, టైమ్ లేదు. నాకు ఆ లోటు కనిపించలేదు, ఎందుకంటే విషయం గురించి నా తలలో ఉన్న బొమ్మే తప్పు. వెనక్కి చూసుకోవడం వల్ల తెలిసేది మన గుణం గురించే అనుకుంటారు చాలామంది. మనకు ఏ విషయం తెలియదో కూడా అక్కడే తెలుస్తుంది. అందుకే దీన్ని సమాచార అక్షరాస్యతకు పైపూతగా చూడకండి. తర్వాత ఏం వెతకాలో చెప్పేది ఇదే.

ఇక మీ పిల్లలు మొదటి పేజీ ఎందుకు దించేస్తారు అన్న ప్రశ్న. బద్ధకం అని మనం అనేస్తాం. కారల్ కుల్థావ్ అనే అమెరికన్ లైబ్రరీ ఆచార్యురాలు 1980ల నుంచి హైస్కూలు పిల్లల వెతుకులాటను దగ్గరగా గమనించింది. వాళ్లు ఏం చేస్తున్నారన్నదే కాకుండా, ఏం అనిపిస్తోందన్నది కూడా అడిగింది. వెతుకులాటలో ఆరు దశలు గుర్తించింది. టాపిక్ ఎంచుకున్నప్పుడు కాస్త ఉత్సాహం ఉంటుంది. తర్వాత చదవడం మొదలుపెట్టగానే, ఒక చోట ఒకటి, ఇంకోచోట ఇంకొకటి కనిపించి, గందరగోళం, అనుమానం పెరుగుతాయి. నమ్మకం దిగజారుతుంది. తన దారేమిటో ఒక రూపానికి వచ్చాక మళ్లీ ధైర్యం వస్తుంది. ఈ మధ్య దశలో పిల్లవాడు "నాకు రావట్లేదు, నాకే తెలివి లేదు" అనుకుంటాడు. టెన్షన్. రేపు సబ్మిషన్. దించేస్తాడు.

అందుకే నేను క్లాసులో ముందే చెప్పడం మొదలుపెట్టాను. "బుధవారానికల్లా మీకు అయోమయంగా ఉంటుంది. ఉండాలి. ఉంటే దారిలో ఉన్నట్టు." ఈ ఒక్క మాటకే కొందరు పిల్లల ముఖాలు తేలికపడటం నేను చూశాను. మీ పిల్లలు ఇప్పుడు ఏఐ చాట్‌ను అడుగుతూ ఉంటారు కదా. దాంతో నాకున్న ప్రధానమైన బెంగ తప్పు సమాధానం గురించి కాదు. తప్పులు పుస్తకాల్లోనూ ఉంటాయి. అది ఆ అయోమయం దశను పూర్తిగా దాటించేస్తుంది. నున్నగా, తడబాటు లేకుండా వచ్చిన జవాబును పిల్లవాడు ఎక్కడ నమ్మాడని అడిగితే చూపించడానికి చోటే ఉండదు. అడగొద్దని నేను చెప్పను. అడిగేముందు తన జవాబు రెండు లైన్లు రాసుకోమంటాను. తర్వాత రెండూ పక్కపక్కన పెట్టి, తేడా ఎక్కడుందో గీత గీయమంటాను.

డైరీయేనా అని అడిగారు. డైరీ పెడితే ఏం వస్తుందో చెబుతాను: "ఈ ప్రాజెక్టు ద్వారా నేను చాలా విషయాలు తెలుసుకున్నాను. నాలో పరిశోధనాసక్తి పెరిగింది." అరవై కాగితాల్లోనూ ఇదే. అది ఆలోచన కాదు, మర్యాద. నేను ఒక అరపేజీ కాగితం ఇస్తాను, దానికి వెతుకులాట కాగితం అని పేరు. వెతకడానికి ముందు, ఈ విషయం గురించి ఇప్పటికే ఏమనుకుంటున్నావో, అది ఎవరి దగ్గర విన్నావో రాయాలి. మధ్యలో ఒకసారి, ఏది దేనితో పొసగడం లేదో రాయాలి. చివర, ఎక్కడ నిర్ణయానికి వచ్చావో రాయాలి. పేజీ, వాక్యం, వీలైతే ఆ సమయంలో ఎక్కడ కూర్చున్నావో కూడా. బస్సులో చదివితే బస్సులో అని రాయమంటాను. పాత బస్టాండ్ దగ్గర ఇరుక్కుని చదివినదాన్ని, లైబ్రరీలో కూర్చుని చదివినదాన్ని ఒకేలా తూచలేం. నమ్మిన చోటు ఎంత వివరంగా రాస్తే అంత పనికొస్తుంది. "చాలా నేర్చుకున్నాను" లాంటి వాక్యం ఉంటే ఆ కాగితం వెనక్కి ఇచ్చేస్తాను, కోపం లేకుండా.

మీ పిల్లల్లో సగం మంది మిరప రైతుల ఇళ్ల నుంచి వచ్చి ఉంటారు. వాళ్లకు నా బెజవాడ ప్రశ్న కంటే వాళ్ల ఇంటి ప్రశ్నే మంచిది. మీ ఊళ్లోనే ఒక కాలేజీలో రెండు రోజులు మాట్లాడటానికి వెళ్లినప్పుడు ఇది అడిగి చూశాను. 2021-22లో నల్ల తామర పురుగు వచ్చి మిరప పూత ఎండిపోయింది, గుర్తుంది కదా. "ఆ ఏడాది మీ ఇంట్లో ఏ మందు కొట్టాలో ఎవరు చెప్పారు? మీ నాన్న ఎందుకు నమ్మారు? ఇంటికి ఫోన్ చేసి అడిగి రాయండి" అన్నాను. యూట్యూబ్ వీడియో అన్నవాళ్లు ఉన్నారు. పక్క చేను రైతు అన్నవాళ్లు ఉన్నారు. ఒక అబ్బాయి ఇలా రాశాడు: "మందుల షాపాయన చెప్పింది కొట్టాం. నాన్నకు ఆయన మీద అనుమానం ఉంది. కానీ అప్పు ఇచ్చేది ఆయనే. వేరే మందు కావాలంటే డబ్బు చేతిలో ఉండాలి."

క్లాసు కాసేపు మాట్లాడలేదు. నేనూ మాట్లాడలేకపోయాను. సమాచారాన్ని తూచి చూడాలని మనం చెబుతాం. తూచి చూశాక కాదనగలిగే స్థితి ఎవరికి ఉంది అన్నది మన పాఠంలో ఎక్కడా లేదు. ఆ అబ్బాయి దాన్ని అరపేజీలో పెట్టాడు. తర్వాత మాట లాం ఫారం వైపు మళ్లింది. గుంటూరు పక్కనే ఉన్న పరిశోధన కేంద్రం, మిరప మీద ఏళ్ల తరబడి పనిచేస్తున్నది. ఆ పురుగుకు ఇష్టం వచ్చినట్టు మందులు కలిపి కొడితే దాన్ని తినే మిత్రపురుగులు చచ్చి ఇంకా పెరుగుతుందని, నీలి రంగు జిగురు అట్టలు పెట్టమని శాస్త్రవేత్తలు చెబుతూనే ఉన్నారు. కొందరు పిల్లలు రోజూ ఆ గేటు ముందు నుంచే బస్సులో వస్తారు. లోపలికి వెళ్లి అడగొచ్చన్న ఆలోచన ఎవరి ఇంట్లోనూ రాలేదని కాగితాల్లో తేలింది. "అది చదువుకున్నవాళ్ల చోటు అనుకున్నాం సార్" అంది ఒక అమ్మాయి. ఏ చెక్‌లిస్టూ ఇది చెప్పదు. మీరు ఇక్కడి నుంచే మొదలుపెట్టండని నా సలహా.

ఒక ప్రమాదం ఉంది, ముందే చెప్పాలి. కొన్ని వారాలు ఈ పని చేయిస్తే కొందరు పిల్లలు "అయితే అన్నీ అబద్ధాలే సార్, దేన్నీ నమ్మకూడదు" అనే చోటికి వస్తారు. అది తెలివిగా కనిపిస్తుంది. నిజానికి అది మళ్లీ ఆలోచించకుండా ఉండటానికి ఇంకో దారి. దేన్నీ నమ్మనివాడికి పక్క ట్యాబు తెరిచే పనీ ఉండదు. అందుకని కాగితం చివర ఒక వాక్యం తప్పనిసరి చేశాను: "ఇప్పటికి నేను ఇది నమ్ముతున్నాను, ఎందుకంటే... ఫలానాది దొరికితే మార్చుకుంటాను." ఆ "ఫలానాది" ఖాళీగా వదిలితే ఒప్పుకోను. రేకుల ఇంటి అమ్మాయి రెండో విడతలో అక్కడ "ఇంగ్లీషువాళ్లు రాకముందు రాసినదాంట్లో ఈ పేరు కనిపిస్తే" అని రాసింది. శాసనం సంగతి అప్పటికి నేనింకా చెప్పలేదు. మర్నాడు తనే లైబ్రరీకి వచ్చి, పాత శాసనాల పుస్తకాలు ఏ బీరువాలో ఉంటాయని అడిగింది.

చివరి ప్రశ్న మార్కుల గురించి. మీకు అరవై మంది, సిలబస్ టెన్షన్, ఇంటర్నల్స్ ఉంటాయి. మార్కులు లేకపోతే పిల్లలు రాయరు, నిజమే. నేను రాసినందుకు మార్కులిచ్చాను, ఏం రాశారన్నదానికి ఇవ్వలేదు. మూడు చోట్లా నిర్దిష్టంగా ఉంటే పూర్తి మార్కులు, నమ్మింది తప్పైనా సరే. తప్పు ఒప్పుకున్నందుకు మార్కులు తగ్గుతాయని ఒక్కసారి తెలిస్తే మరుసటి వారం నుంచి ఎవరూ నిజం రాయరు. అన్ని కాగితాలూ దిద్దనక్కర్లేదు. వారానికి పది చదవండి, ఇద్దరి దగ్గర అనుమతి తీసుకుని పేరు చెప్పకుండా క్లాసులో చదివి వినిపించండి. మొదటి వారం మాత్రం మీ కాగితం మీరు చదవండి. మీరు ఎక్కడ నమ్మి మోసపోయారో పిల్లలు ముందు మీ నోట వినాలి. నేను బుడమేరు రాత్రి సంగతి చదివిన రోజున, వెనక బెంచీ నుంచి ఒకబ్బాయి లేచి "సార్, ఆ మెసేజ్ నేను కూడా పంపాను" అన్నాడు.